భోజనం అయిందా? ఒక సర్వే నివేదిక

ఎవరింట్లో తిండికి కొరత ఉందో తెలుసుకోవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు ఎనిమిది ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. గడిచిన పన్నెండు నెలల్లో డబ్బు లేక తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా, ఒక పూట మానేశారా, ఆకలి వేసినా తినకుండా ఉన్నారా, రోజంతా పస్తున్నారా అని వరసగా అడుగుతారు. పరాయివారి గుమ్మంలో నిలబడి ఇంత మర్యాద లేని ప్రశ్నలు వేయవచ్చునని వారికెవరు చెప్పారో తెలియదు గాని, తెలుగువారు మాత్రం ఇదే సర్వేను తరతరాలుగా ఒక్క ప్రశ్నతో ముగిస్తున్నారు. "భోజనం అయిందా?" అని అడుగుతాం. "ఆఁ, ఇప్పుడే అయింది" అంటారు. ఈ ప్రశ్నకు రెండో జవాబు మన భాషలో లేదు.

హైదరాబాదు తూర్పు శివారులోని మా కాలనీ సంక్షేమ సంఘానికి ఉపాధ్యక్షుణ్ణి కాబట్టి, ఈ దేశీయ పద్ధతిలోనే మా నూట నలభై ఇళ్లలోనూ సర్వే జరిపించే బాధ్యతను నేనే స్వీకరించాను. 2030 నాటికి ఆకలి లేని లోకాన్ని సాధిస్తామని ప్రపంచ దేశాలన్నీ 2015లో ఒక ఒప్పందానికి వచ్చాయి. మేము ఒక ఆదివారం సాయంత్రం వాకింగ్‌కు బయలుదేరి, ఏడు గంటల వార్తలు మొదలయ్యేలోగా సాధించి ఇంటికొచ్చాం. నూటికి నూరు శాతం ఇళ్లలో భోజనం అయింది, అదీ ఇప్పుడే అయింది.

లెక్కలో చిక్కు తెచ్చినది ఒక్క ఇల్లే. మూడో వీధిలో మేడ మీది రెండు గదుల పోర్షన్‌లో ఒక ప్రైవేటు స్కూలు టీచరు అద్దెకు ఉంటున్నాడు. ఆయన కూతురికి ఐదేళ్లు. తలుపు తీసింది ఆ పిల్లే కావడంతో ప్రశ్న ఆ పిల్లనే అడగవలసి వచ్చింది. "లేదంకుల్, మధ్యాహ్నం వద్దంది అమ్మ, రాత్రికి వండుతుందంట" అని చెప్పింది. అంతలో తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దీనికి మరుపెక్కువ అన్నయ్యగారూ, ఇప్పుడే కదే పెరుగన్నం తిన్నావు" అని నవ్వింది. పిల్ల తల్లి ముఖంలోకి చూసి, తాను నిజంగానే మరచిపోయిందేమో అన్నట్టు కాసేపు ఆలోచించింది. మా సర్వేలో మైనర్ల సాక్ష్యం చెల్లదు కనుక తల్లి జవాబునే నమోదు చేసుకున్నాం.

ఈ సందర్భంగా మన గృహిణుల నైపుణ్యాన్ని గురించి నాలుగు మాటలు రాయకపోతే నివేదిక అసంపూర్ణమవుతుంది. గిన్నెలో ఉన్నది పులుసు నీళ్లే అయినా రెండు ఎండుమిరపకాయలు, నాలుగు ఆవగింజలు, చిటికెడు ఇంగువ నూనెలో పడితే ఆ తాలింపు ఘాటు నాలుగిళ్లకు వెళ్తుంది. మూత తీసి చూసేవారు ఎవరూ ఉండరు. ఇక నెలాఖరులో మా కాలనీలో భక్తి పెరిగే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఇరవయ్యో తారీఖు దాకా శనివారం మాత్రమే ఒంటిపూట ఉండే ఇల్లాలు, ఆ తర్వాత సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శుక్రవారం అమ్మవారికి కూడా ఉపవాసం మొదలుపెడుతుంది. ఒకటో తారీఖున జీతం రాగానే దేవుళ్లందరూ ఒక్కసారిగా శాంతిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవారిలో తెలంగాణలో 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. డాక్టర్లు దీనికి ఐరన్ మాత్రలు రాసి పంపుతున్నారే తప్ప, అందులో ఎంత భాగం ఉపవాస పుణ్యఫలమో ఎవరూ విచారించినట్టు లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ అమ్మ ఎవరిని అడగాలో సామెత చెప్పినవారికి తోచలేదు.

అంత కష్టంగా ఉంటే ప్రభుత్వం లేదా అని చదువరులు అడగవచ్చు. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. కిలో రెండు రూపాయల బియ్యాన్ని 1983లోనే చూసిన జాతి మనది. 2013 నాటి ఆహార భద్రత చట్టం పల్లెల్లో నూటికి 75 మంది దాకా, పట్టణాల్లో నూటికి 50 మంది దాకా ఆకలి వేయడానికి అనుమతించింది. ఎంతమందికి వేయాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కల ప్రకారమే నడుస్తున్నది కాబట్టి, ఆ తర్వాత పుట్టిన పిల్లలు కాస్త సర్దుకుపోవాలి. తెలంగాణలో పట్టణ కుటుంబం ఆదాయం ఏడాదికి రెండు లక్షలు దాటితే రేషన్ కార్డుకు అర్హత లేదు. మా టీచరు జీతం పద్దెనిమిది వేలు. పన్నెండు నెలలకు హెచ్చవేస్తే రెండు లక్షల పదహారు వేలవుతుంది; అంటే ఆయన ఆకలికి పదహారు వేల రూపాయల మేర పైనున్న ధనవంతుడు. అందులో ఎనిమిది వేలు ఇంటద్దెకు పోతుందన్న సంగతి కంప్యూటరుకు అనవసరం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా శాస్త్రీయంగా, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు కాల్చే ఇంటికి ఆకలి వేయదని మీటరు చూసి తేల్చేస్తారు.

కార్డు ఉన్నవారి సంగతి మరీ సుభిక్షం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరేసి కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. ఇది నిజంగా మంచి పనే, ఇందులో నాకు వెక్కిరింత లేదు. అయితే రోజుకు అందే శక్తిలో ధాన్యం వాటా 45 శాతం మించకుండా చూసుకోమనీ, తక్కినది పప్పులు, పాలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు మొదలైన వాటి నుంచి రావాలనీ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో చెప్పారు. తార్నాక మా కాలనీకి ఎంతో దూరం కాదు. అయినా ఆ మాట మా మూడో వీధి దాకా రాలేదు, వచ్చినా పచ్చడి మెతుకులు చూసి గుమ్మంలోనే ఆగిపోయి ఉంటుంది.

టీచరు సంగతికి వద్దాం. కరోనా కాలంలో బడులు మూతపడి ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగిపోయినప్పుడు, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. లక్షమందికి పైగా అందుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడి ఇంట్లో కూడా బియ్యం డబ్బా అడుగంటుతుందని ప్రభుత్వమంతటి ప్రభుత్వం ఒప్పుకున్న అపురూపమైన ఘట్టమది. మా టీచరు ఆ బస్తాను చీకటి పడ్డాక ఆటోలో తెచ్చుకుని, మెట్లు శబ్దం కాకుండా ఎక్కాడట. బడులు తెరిచారు, బస్తా ఆగింది, జీతం మాత్రం పాత జీతానికి ఇంకా చేరుకోలేదు. సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం, వారానికి మూడు గుడ్లు ఉంటాయి. కాని ఈయన కూతురు తండ్రి పనిచేసే ప్రైవేటు బడిలో సగం ఫీజుకు ఇంగ్లీషు మీడియం చదువుతోంది. గుడ్డుకూ ఇంగ్లీషుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే తెలుగువాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా!

ఆయన్ను నేనొకసారి మా కాలనీకి మూడు బస్టాపుల అవతల, ఐదు రూపాయల భోజనం పెట్టే క్యాంటీను దగ్గర చూశాను. 2014 నుంచి నగరంలో కార్పొరేషన్ నడుపుతున్న క్యాంటీన్లలో అది ఒకటి. ఎండలో క్యూ ఉంది. క్యూలో అందరూ మామూలుగా నిలబడితే ఆయన ఒక్కడే హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని నిలబడ్డాడు. ప్లేటు చేతికొచ్చాక గోడవైపు తిరిగి, అద్దం పైకెత్తి, సాంబారన్నం నాలుగు నిమిషాల్లో ముగించాడు. ఇటు తిరిగేసరికి ఎదురుగా నేను. ఇద్దరం సంస్కారవంతులం కాబట్టి ఏమాత్రం తొట్రుపడలేదు. "భోజనం అయిందా సార్?" అన్నాడాయన. "ఇంటికెళ్లి చేయాలి" అన్నాను. "నేనూ అంతే" అన్నాడు.

ఇక మా సంఘం చేసిన సహాయాన్ని విన్నవిస్తాను. సంక్రాంతికి నిత్యావసరాల కిట్లు యాభై తయారుచేశాం. ఒక్కొక్క సంచిలో ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె. పార్కు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాం; అందులో దాతల ముఖాలు బియ్యం సంచి కన్నా పెద్దవిగా వచ్చాయని కొందరు అసూయపడ్డారు. తీసుకునేవారు ఆధార్ జిరాక్సు ఇవ్వాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి, ఫొటోలో కెమెరావైపు చూడాలి. సాయంత్రం దాకా కూర్చున్నా కాలనీవాళ్లు ఒక్కరూ రాలేదు. మా సర్వే ఎంత నిర్దుష్టమైనదో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కొందరు ఛాందసులు ఈ ఫొటో నిబంధనకు అభ్యంతరం చెప్పారు. కోనసీమలో లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారందరికీ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు, ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమె ఫొటో కావాలని దొరలు కబురు పెడితే తీయించుకోనని భీష్మించారనీ, అధికారి తన ఉద్యోగం పోతుందని బతిమాలుకుంటేనే ఒప్పుకున్నారనీ గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. పెట్టినావిడే ఫొటోకు సిగ్గుపడితే, తిన్నవాణ్ణి ఫొటో ఎలా దిగమంటారని వారి వాదన. రోజుకొక ఇంట్లో తింటూ వారాలు చేసుకుని చదువుకున్న పాతకాలపు పిల్లల ముచ్చట కూడా తెచ్చారు. ఆ వారాలు అన్ని కులాల పిల్లలకూ దొరికేవి కావన్నది వారు దాటవేశారు. ఏది ఏమైనా, ఆధారం లేని దానాన్ని ఆడిట్‌లో చూపించలేమని మా కోశాధికారి తేల్చిచెప్పారు.

నిబంధనలు పాటించకుండా ఈ రంగంలో అడ్డదారులు తొక్కుతున్నవారు మా కాలనీలో ఇద్దరున్నారు. మొదటివాడు కిరాణా కొట్టాయన. ఈయనకు సర్వేలతో పనిలేదు. కిలో తీసుకునే ఇల్లు పావుకిలో కందిపప్పుకు, పావుకిలో నుంచి వంద గ్రాములకు దిగినప్పుడు, డజను గుడ్ల స్థానంలో రెండు గుడ్లు అడిగినప్పుడు, పాల ప్యాకెట్టు మానేసి పిల్లకు రెండు రూపాయల బిస్కెట్టు కొన్నప్పుడు ఆయనకు అర్థమైపోతుంది. అప్పుడు ఏమీ అడగడు. "ఉద్దెర రాసుకుంటాను, ఒకటో తారీఖున చూద్దాం లెండి" అని పప్పు పావుకిలోకు పెంచి కడతాడు. ఆ చిట్టా పుస్తకంలో కొన్ని పేజీలకు ఒకటో తారీఖు రాక ఏడాది దాటిందని విన్నాను. వ్యాపారం ఇలా చేయకూడదు.

రెండవ వ్యక్తి, చెప్పడానికి సంకోచంగా ఉంది, నా భార్యే. మొదట్లో ఆమె కూడా పద్ధతిగానే ఉండేది. పండక్కి స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి మేడ మీదికి పంపింది. మరునాడు డబ్బా తోమి, తుడిచి, అడుగున రెండు చెంచాల చక్కెర వేసి తిరిగి వచ్చింది. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదు కదా. ఆ సంస్కారానికి నేను ముచ్చటపడుతుండగానే ఆ ఇంటి పిల్ల గ్లాసు పట్టుకుని దిగి, టీలోకి కాస్త చక్కెర ఇమ్మందని వాళ్లమ్మ మాటగా కొట్టాయన్ను అడుగుతుంటే నా భార్య కిటికీలోంచి చూసింది. ఆ రోజు నుంచి ఆమె డబ్బాలు పంపడం మానేసి విస్తరాకులు కొనడం మొదలుపెట్టింది. ఆకు అయితే తిరిగి ఇవ్వనక్కరలేదట.

అంతటితో ఆగలేదు. వారానికి మూడు నాలుగు రాత్రులు అన్నం, పప్పు, కూర, వీలైనప్పుడు గుడ్డు ఆకులో సర్ది, తానే మెట్లెక్కి వెళ్లి, "వదినా, మళ్లీ కొలత తప్పి ఎక్కువ వండేశాను. మా ఆయనకు షుగర్ వచ్చింది, రాత్రి అన్నం ముట్టరు. అన్నం పారేస్తే పాపం కదా, మీరు కాస్త తినిపెట్టండి" అంటుంది. తినిపెట్టండి! పెట్టేది ఈమె అయితే, మేలు చేసేది తినేవాళ్లన్నమాట. వాళ్లు కూడా ఎంతో ఉపకారం చేస్తున్నట్టు తలూపి తీసుకుంటారు. దీనికి రసీదు లేదు, సంతకం లేదు, సంఘం లెక్కల్లో ఎక్కడ రాయాలో కోశాధికారికి కూడా పాలుపోవడం లేదు. పైగా నిక్షేపంలా ఉన్న నాకు కాలనీ అంతటా షుగర్ అంటగట్టారు. మొన్న వాకింగ్‌లో ఒక పెద్దాయన కాకరకాయ రసం తాగమని సలహా ఇచ్చారు.

నిన్న రాత్రి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని సుష్ఠుగా తిని, చేయి కడుక్కుని, గాలికోసం వరండాలోకి వచ్చేసరికి టీచరుగారి భార్య మెట్లు దిగుతోంది. నన్ను చూసి ఆగి, నిజమైన ఆదుర్దాతో, "భోజనం అయిందా అన్నయ్యగారూ?" అని అడిగింది.

మూతి తుడుచుకుని, "ఆఁ, రెండు పుల్కాలమ్మా" అన్నాను, "ఇప్పుడే అయింది."