138/86కి వరుసగా వచ్చిన ప్రమోషన్లు

బీపీ పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టి, తుస్సుమని వదిలాక 138/86 అని వచ్చిందనుకోండి. ఇది ఎక్కువా, తక్కువా, సరిపోయిందా? దయచేసి తొందరపడి జవాబు చెప్పకండి. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఇది ఏ సంవత్సరం, మనం అట్లాంటిక్ సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నాం, కొలిచేటప్పుడు డాక్టరు గదిలోనే ఉన్నారా, బయటికి వెళ్ళారా? ఈ మూడూ తెలిస్తే గానీ ఆ మనిషి ఆరోగ్యవంతుడో రోగిష్టివాడో శాస్త్రం నిర్ధారించలేదు. ఆ మనిషికి ఎలా ఉందన్నది నాలుగో ప్రశ్న, టైముంటే అడగొచ్చు.

ఈ 138/86 సర్వీసు రిజిస్టరు ఒకసారి తిరగేద్దాం. పాపం ఆ అంకె తనంతట తను ఎక్కడికీ కదల్లేదు, పైకి పాకలేదు, కిందికి జారలేదు. అయినా దానికి వచ్చినన్ని హోదాలు ఏ ఉద్యోగికీ వచ్చి ఉండవు. 1977లో అమెరికాలో జాయింట్ నేషనల్ కమిటీ అనేది బీపీ మీద మొదటి నివేదిక ఇచ్చింది. అప్పట్లో అందరి కళ్ళూ కింది అంకె మీదే. అది 105 గానీ, అంతకు మించి గానీ ఉంటే మందు మొదలుపెట్టమన్నారు, 90 నుంచి 104 దాకా మనిషిని బట్టి చూసుకోమన్నారు. 86ని పలకరించిన నాథుడు లేడు. పై అంకె సంగతి ఇక చెప్పేదేముంది, వందకి వయసు కలిపితే ఎంతో అంత ఉండొచ్చులే అనే సూత్రం డాక్టర్ల నోట్లో ఎన్నో ఏళ్ళు నానింది. ఆ లెక్కన డెబ్భై ఏళ్ళ పెద్దాయన 170తో దర్జాగా తిరగొచ్చు.

1984 నాటి మూడో నివేదికలో మన 86కి మొదటి మెట్టు దక్కింది, 'హై నార్మల్' అన్నారు. అంటే నార్మలే, కాకపోతే ఓ కన్నేసి ఉంచాల్సిన నార్మల్. 1993లో పై అంకె 138ని కూడా తెచ్చి అదే బెంచీ మీద కూర్చోబెట్టారు. 2003లో ఏడో నివేదిక వచ్చి 120/80 నుంచి 139/89 దాకా ఉన్న జనాన్ని మొత్తంగా 'ప్రీ హైపర్‌టెన్షన్' అనే కొత్త డిపార్ట్‌మెంటుకి బదిలీ చేసింది. దాంతో అంతవరకూ ఆరోగ్యానికి నిలువెత్తు నమూనాగా వెలిగిన 120/80 గారు తెల్లారేసరికి రోగం కోసం ఎదురుచూసే క్యూలో ఉన్నారు. మామూలుగా వాళ్ళకి మందులేమీ రాయమనలేదు లెండి, ఉప్పు తగ్గించు, బరువు తగ్గించు, నడువు అన్నారంతే. కానీ 'ప్రీ' తగిలించాక ఎవడికి నిద్ర పడుతుంది? బీపీ లేనివాడికి బీపీ తెప్పించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తోచడం లేదు.

2014లో ఒక విచిత్రం జరిగింది. ఎనిమిదో కమిటీగా కూర్చున్నవాళ్ళు, గట్టి పరీక్షల్లో తేలింది తప్ప ఇంకేదీ నమ్మం అని భీష్మించుకుని, అరవై దాటినవాళ్ళకి 150/90 దాకా మందు అక్కర్లేదన్నారు. అంతకుముందు 140. అంటే ఈసారి గీత పైకి జరిగింది, లక్షలమంది పెద్దవాళ్ళు ఏ మాత్రా మింగకుండానే కోలుకున్నారు! అదే కమిటీలోని ఐదుగురు సభ్యులు మేం ఒప్పుకోం అంటూ విడిగా వ్యాసం రాశారు. కమిటీని మొదట వేసిన ప్రభుత్వ సంస్థ అప్పటికే, 2013లోనే, ఇకమీదట గైడ్‌లైన్లు మేం రాయం అని చేతులు దులుపుకుంది. ఆ పని గుండె డాక్టర్ల సంఘాల చేతికి వెళ్ళింది.

వాళ్ళు 2017లో గీతని 130/80కి దించారు. మన 138/86కి ఏకంగా 'స్టేజ్ 1 హైపర్‌టెన్షన్' హోదా. అమెరికాలో బీపీ ఉన్న పెద్దల వాటా 32 శాతం నుంచి 46 శాతానికి ఎగిరింది. ఒక్క పత్రం విడుదలతో ఇంతమందికి వ్యాపించిన జబ్బు అంటువ్యాధుల చరిత్రలో కూడా దొరకదు. నిజం చెప్పాలంటే కొత్తగా మందు కావాల్సినవాళ్ళు మాత్రం రెండు శాతం లోపే, మిగతావాళ్ళకి జబ్బు పేరు ఇచ్చారు గానీ మందు ఇవ్వలేదు. అదే దేశంలోని ఫ్యామిలీ డాక్టర్ల అకాడమీ దీన్ని ఆమోదించం అంది. మరుసటి ఏడాది యూరప్ వాళ్ళు తమ పత్రం తెచ్చి, మాకు 140/90 చాలు, 138/86 అంటే హై నార్మలే అన్నారు. అంటే న్యూయార్క్‌లో స్టేజ్ 1 రోగిగా విమానం ఎక్కినవాడు పారిస్‌లో హై నార్మల్‌గా దిగుతాడు. ఎనిమిది గంటల్లోపు, సైడ్ ఎఫెక్టులు లేకుండా. ఇంత శక్తి ఉన్న మందు ఇంతవరకూ ఏ కంపెనీ తయారు చేయలేదు.

ఇంకా ఉంది. యూరప్‌లో ఈ పత్రాన్ని కలిసి రాసే రెండు సంఘాలూ ఆ తర్వాత వేరు కాపురం పెట్టాయి. హైపర్‌టెన్షన్ సంఘం 2023లో పాత పేర్లే ఉంచింది. కార్డియాలజీ సంఘం 2024లో 120 నుంచి 139 దాకా, కింద 70 నుంచి 89 దాకా 'ఎలివేటెడ్' అంది. అంతకన్నా తక్కువ ఉంటే నార్మల్ కదా అనుకుంటున్నారేమో, కాదు, దాని పేరు 'నాన్ ఎలివేటెడ్'. పట్టికలో నార్మల్ అనే గడే లేదు. ఎంత వ్యాయామం చేసినా, ఎంత చప్పిడి తిన్నా మనిషి ఇక సాధించగల గరిష్ఠ ఆరోగ్యం ఏమిటంటే 'ప్రస్తుతానికి పెరగలేదు'. 2025లో అమెరికా వాళ్ళు 130/80ని అలాగే ఉంచి, ప్రమాదం లెక్కకట్టే కొత్త క్యాలిక్యులేటర్ ఇచ్చి, రిస్కు తక్కువున్న స్టేజ్ 1 వాళ్ళు కూడా మూడు నుంచి ఆరు నెలలు జీవనశైలి మార్చుకుని చూసి, అప్పటికీ దిగకపోతే మందు మొదలుపెట్టాలన్నారు. హోదా ముందే ఇచ్చారు, ఇంక్రిమెంటు ఇప్పుడొచ్చింది.

ఇదంతా చూసి పాతకాలమే నయం అనేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం పాతకాలం ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. 1931లో హృద్రోగ వైద్యంలో మహా పెద్ద పేరున్న పాల్ డడ్లీ వైట్, పెరిగిన బీపీ శరీరం తనకోసం చేసుకున్న ఏర్పాటు కావచ్చు, తగ్గించడం చేతనైనా దాని జోలికి పోకూడదు అన్న అర్థంలో రాశారు. అదే ఏడాది బ్రిటన్‌లో జాన్ హే అనే డాక్టరు ఇంకో అడుగు ముందుకేసి, బీపీ ఉన్నవాడికి అసలు గండం అది బయటపడటమే, ఎందుకంటే ఎవడో ఒక మూర్ఖుడు దాన్ని తగ్గించబోతాడు అన్నారు. ఈ జ్ఞానం మధ్య బతికినవాడు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. 1944 మార్చిలో గుండె డాక్టరు హోవర్డ్ బ్రూన్ చూసేసరికి 186/108. సొంత వైద్యుడు మాత్రం ఆ వయసు మనిషికి ఆరోగ్యం బాగానే ఉందని లోకానికి చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ కూలిపోయినప్పుడు కొలిస్తే 300/190, మెదడులో రక్తనాళం చిట్లింది. ప్రపంచ యుద్ధం నడిపిన మనిషికి ఆ రోజుల్లో దొరికిన వైద్యం ఉప్పు తగ్గించడం, విశ్రాంతి, నిద్రమాత్ర, గుండెకి డిజిటాలిస్. సామాన్యుడికైతే వాల్టర్ కెంప్‌నర్ గారి అన్నం, పళ్ళు, పంచదార పథ్యం, లేదా వెన్ను పక్కన నరాలు కోసే ఆపరేషన్. గైడ్‌లైన్ల బాధ మాత్రం లేదు.

1958 ప్రాంతంలో బీపీ తగ్గించే క్లోరోథయజైడ్ అనే మాత్ర వచ్చాక కథ మారింది. 1967లో ఎడ్వర్డ్ ఫ్రైస్ బృందం కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మాజీ సైనికుల్లో కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు వచ్చాయి, మందు వాళ్ళలో ఇద్దరికి. ఇక ఎవరికీ సందేహం మిగలకూడదు. మిగిలింది ఒక్కటే, గీత ఎక్కడ గీయాలి?

గీతే లేదు అని అన్నాయన ఒకడున్నాడు, బ్రిటన్ డాక్టరు జార్జ్ పికరింగ్. బీపీ అనేది జనంలో కింది నుంచి పైదాకా తెగకుండా సాగే వరుస, ఇక్కడ ఆరోగ్యం అయిపోయి రోగం మొదలైందని చెప్పే చోటు ఎక్కడా లేదు, వైద్యానికి రెండు దాకానే లెక్కపెట్టడం వచ్చు, ఆపైన రాదు అని ఎద్దేవా చేశాడు. ఆయన మాటే నిలిచింది. రిస్కు పై అంకె 115 దగ్గర్నించే మెల్లగా ఎక్కుతుందని తర్వాతి లెక్కలు చూపించాయి. కానీ మందులషాపు వాడు మాత్ర ఇవ్వాలన్నా, ఇన్సూరెన్సు వాడు ప్రీమియం పెంచాలన్నా గీత ఉండాల్సిందే కదా, అందుకని ఉన్నత స్థాయి కమిటీలు లేని గీతని ఎంతో శ్రద్ధగా, ఎప్పటికప్పుడు కొత్త చోట కనుగొంటున్నాయి.

మందులదీ అదే వరస. అప్పట్లో బీపీ ఒక్కసారిగా పెరిగితే నిఫెడిపిన్ క్యాప్సూల్‌కి చిల్లు పెట్టి నాలుక కింద పిండేవారు, నిమిషాల్లో అంకె దిగిపోయేది, చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండేది. కొందరిలో దాంతోపాటు మెదడుకీ గుండెకీ రక్తం కూడా దిగిపోతోందని తెలిసి 1996 నాటికి ఆపండి బాబూ అని రాయాల్సొచ్చింది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులు ఒకప్పుడు ముందువరుస, తర్వాత వెనకవరుస, యూరప్‌లో మళ్ళీ ముందుకి పిలిచారు. మాత్ర రాత్రి వేసుకుంటే బ్రహ్మాండం అని 2019లో ఒక స్పెయిన్ అధ్యయనం, ఎప్పుడు వేసుకున్నా ఒకటే అని 2022లో ఇరవై ఒక్క వేలమందితో చేసిన బ్రిటన్ అధ్యయనం. మధ్యలో ఎంతమంది అలారం మార్చుకున్నారో!

ఎగతాళి చేశాను గానీ ఈ మార్పుల్లో చాలావాటికి కారణం సోమరితనం కాదు, కొత్త సాక్ష్యం. పై అంకె కూడా లెక్కేనని 1991లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది, అరవై దాటినవాళ్ళలో దాన్ని తగ్గిస్తే పక్షవాతాలు 36 శాతం తగ్గాయి. ఎనభై దాటినా మందు పనిచేస్తుందని 2008లో తేలింది. పై అంకెని 120 లోపుకి దించితే మేలని 2015లో స్ప్రింట్ అనే పరీక్ష 9,361 మంది మీద చెప్పింది, కళ్ళు తిరగడం, కిడ్నీలకి దెబ్బ లాంటివి ఎక్కువయ్యాయనీ చెప్పింది. వీటిని చూసి కూడా గీత మార్చకపోతే అప్పుడు తిట్టాలి. ఎలాగూ వచ్చే ఏడాది మారుస్తారుగా అని ఈ ఏడాది మాత్రలు మానేసే మేధావులు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు, వాళ్ళు దయచేసి 300/190 దగ్గర ఇంకోసారి ఆగి చదవండి.

నా ఫిర్యాదు వేరు. స్ప్రింట్‌లో బీపీ ఎలా కొలిచారు? ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, మెషీనే మూడుసార్లు కొలిచి సగటు తీసింది, చాలాచోట్ల సిబ్బంది గదిలోంచి వెళ్ళిపోయారు కూడా. బయట ఎలా కొలుస్తారు? మెట్లెక్కి వచ్చినవాడిని, ఆయాసం తీరకముందే, వేలాడే కాళ్ళతో మంచం అంచున కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి, ఉద్యోగం ఎలా ఉంది అని అడుగుతూ. వచ్చిన అంకెకి చివర సున్నా పెట్టడం ఒక ఆచారం. 2024లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం చెయ్యి బల్ల మీద కాకుండా ఒళ్ళో ఉంటే పై అంకె దాదాపు 4, పక్కకి వేలాడితే ఆరున్నర ఎక్కువ చూపిస్తుంది. 130కీ 140కీ మధ్య ఆ పది అంకెల కోసం ఖండాలు కొట్టుకుంటున్నాయి, అందులో సగం పైగా ఇక్కడ ఒక బల్ల లేక వస్తోంది. బల్లకి పేటెంటు రాదు కాబట్టి దానిమీద సదస్సు ఎవరూ పెట్టరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం ముప్ఫై దాటి ఎనభై లోపు ఉన్నవాళ్ళలో 128 కోట్లమందికి బీపీ ఉంది, వాళ్ళలో 46 శాతానికి ఆ సంగతే తెలీదు, అదుపులో ఉన్నవాళ్ళు ఐదుగురిలో ఒకరు. ఈ లెక్క 140/90 అనే పాత గీతతో వేసిందే. తెలియని ఆ యాభై తొమ్మిది కోట్లమందికి గీత మళ్ళీ ఎటు జరిపినా హోదాలో ఏ మార్పూ ఉండదు, వాళ్ళ పేరు ఇంకా రిజిస్టర్లోకే ఎక్కలేదు.