భయాన్ని విప్పి చూడాలంటే ఒక జాంబీ సినిమా చాలు

హారర్ సినిమా తీయాలని ఉబలాటపడే కొత్తవాళ్లు మొదట అడిగేది మేకప్ గురించే. ముఖం కుళ్లినట్టు కనబడాలంటే ఏం పూయాలి, నెత్తురు చిక్కగా ఉండాలంటే ఏం కలపాలి, ప్రేక్షకుడు సీట్లోంచి ఎగిరిపడాలంటే శబ్దం ఎక్కడ పెంచాలి అన్నవే వాళ్ల ప్రశ్నలు. ఇవి అడగకూడని ప్రశ్నలేమీ కావు గానీ, వీటితో మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఉలికిపాటు దగ్గరే ఆగిపోతారు. ఉలికిపాటు వేరు, గుబులు వేరు. తలుపు ధడాలున కొట్టుకుంటే ఎవరైనా ఉలిక్కిపడతారు, రెండు క్షణాల్లో తేరుకుంటారు. ఆ తలుపు గడియ ఊడిపోయిందని మనకు ముందే తెలిసి, ఆ సంగతి తెలియని మనిషి దానికే వీపు ఆనించి కూర్చుంటే పుట్టేది గుబులు. హారర్ దర్శకుడి అసలు విద్య ఈ రెండోదానిలో ఉంది. దాన్ని నేర్చుకోవడానికి పది సినిమాలను ఒక్కోసారి చూడటం కన్నా ఒకే జాంబీ సినిమాను పదిసార్లు, షాటు షాటుగా విప్పి చూడటం మేలని నా నమ్మకం.

అందుకు నేను ఎంచుకునేది జార్జ్ రొమెరో దర్శకత్వంలో 1968 అక్టోబరులో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. 96 నిమిషాల ఈ నలుపు-తెలుపు చిత్రాన్ని పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకునే ఒక చిన్న బృందం సుమారు 1,14,000 డాలర్లతో తీసింది. పెన్సిల్వేనియాలోని ఎవాన్స్ సిటీ శ్మశానం, ఆ పరిసరాల్లోని ఒక పాత పల్లెటూరి ఇల్లు, కొన్ని పొలాలు, ఇంతే వాళ్లకున్న లొకేషన్లు. కెమెరా పట్టిందీ, ఎడిటింగ్ చేసిందీ రొమెరోనే. జాంబీ అనే మాట సినిమాలో ఒక్కసారి కూడా వినబడదు. అయినా, కాళ్లీడ్చుకుంటూ నడిచి, మనుషుల్ని తిని, మెదడు దెబ్బతింటే తప్ప పడిపోని శవం అనే రూపం లోకానికి పరిచయమైంది ఇక్కడి నుంచే.

ఈ సినిమానే ఎంచుకోవడానికి మరో ముఖ్యమైన కారణం ఉంది. మొదట అనుకున్న పేరును మార్చి పంపిణీ సంస్థ కొత్త టైటిల్ కార్డు వేసినప్పుడు, పాత కార్డు మీదున్న కాపీరైట్ ప్రకటన దానితోపాటే పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకుండా విడుదలైన చిత్రానికి రక్షణ ఉండదు, కాబట్టి అక్కడ ఇది విడుదలైన నాటి నుంచే ప్రజల సొత్తు అయిపోయింది. రాత్రింబవళ్లు కష్టపడి తీసినవాళ్లకు దక్కాల్సిన సొమ్ములో ఎంతో దక్కకుండా పోయిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. విద్యార్థికి మాత్రం ఇది అరుదైన అవకాశం. ఒక పూర్తి నిడివి హారర్ చిత్రాన్ని ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పరచుకుని, షాట్లు తీసేసి, వరుస మార్చి, సంగీతం మార్చి చూడవచ్చు.

నేను మొదటిసారి అలా చేసింది ప్రారంభ సన్నివేశం మీద. బార్బ్రా, ఆమె అన్న జానీ తండ్రి సమాధి మీద పూలగుచ్ఛం ఉంచడానికి చాలా దూరం నుంచి కారులో వస్తారు. ఇంత దూరం రావాల్సి వచ్చినందుకు జానీ విసుక్కుంటాడు, చెల్లెలికి చిన్నప్పటి నుంచీ శ్మశానమంటే భయమని గుర్తుచేసుకుని, వాళ్లు నీకోసమే వస్తున్నారంటూ గొంతు మార్చి ఆటపట్టిస్తాడు. సరిగ్గా ఈ అన్నాచెల్లెళ్ల మాటల మధ్యలోనే, వాళ్ల వెనక ఎక్కడో దూరంగా, ఒక మనిషి సమాధుల మధ్య నడుస్తూ కనిపిస్తాడు. కెమెరా అతని మీద ఆగదు, అతని కోసం క్లోజప్ ఉండదు. శ్మశానానికి వచ్చిన మరో మనిషి అనుకుని మన కళ్లు అతన్ని దాటిపోతాయి. అదుగో వాళ్లలో ఒకడు వస్తున్నాడని జానీ చూపించేది ఆ మనిషినే. అన్న మాటలు అతని చెవిన పడి ఉంటాయన్న సిగ్గుతో, మన్నించమని చెప్పడానికే బార్బ్రా అతని వైపు అడుగు వేస్తుంది.

ఆ మనిషి దూరంగా కనిపించే షాట్లు రెండింటిని తీసేసి ఈ సన్నివేశాన్ని మళ్లీ అతికి చూశాను. అతను మీద పడిన క్షణం మునుపటికన్నా గట్టిగానే తగిలింది, కానీ దానికి ముందున్న నిమిషాలన్నీ చప్పబడిపోయాయి. అన్నాచెల్లెళ్ల పోట్లాట ఉత్త పోట్లాటగా మిగిలింది. షాట్లను తిరిగి వాటి చోట పెట్టగానే అదే సంభాషణకు బరువు వచ్చింది, ఎందుకంటే వాళ్లకు పట్టని మనిషిని మనం ఒకసారి చూసేశాం. పాత్ర కన్నా ప్రేక్షకుడికి ఎంత ముందు, ఎంత కొద్దిగా తెలియాలి అన్న లెక్క నాకు ఏ పాఠంలోనూ ఇంత స్పష్టంగా అర్థం కాలేదు. ఇక్కడ ఇంకో సూక్ష్మం కూడా ఉంది. బార్బ్రాను ప్రమాదం దగ్గరికి నడిపించింది తెలివితక్కువతనం కాదు, మర్యాద. చీకటి గదిలోకి ఒంటరిగా వెళ్లే పాత్రను చూసి విసుక్కునే ప్రేక్షకుడు కూడా మర్యాద కోసం ముందుకు నడిచిన మనిషిని తప్పుపట్టలేడు.

తర్వాత కారు. బార్బ్రా అందులోకి దూరి తలుపులు బిగించుకుంటుంది గానీ తాళాలు అన్న జేబులో ఉన్నాయి. వెంటపడినవాడు రాయి తీసుకుని అద్దం పగలగొడతాడు, ఆమె హ్యాండ్‌బ్రేక్ వదిలేస్తే కారు ఇంజిన్ లేకుండానే వాలు మీద జారుతూ పోతుంది. దారి దొరికినట్టే దొరికి మూసుకుపోవడం, మళ్లీ ఒక సందు కనిపించడం, అదీ చెట్టుకు గీసుకుని ఆగిపోవడం, ఇదంతా దాదాపు మాటలు లేకుండా జరుగుతుంది. శబ్దం పూర్తిగా ఆపేసి చూసినా ఈ సన్నివేశం అర్థమవుతుంది, అదే దాని బలానికి పరీక్ష.

జాంబీ నెమ్మదిగా నడవడం బలహీనత అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ నెమ్మది దర్శకుడికి సమయాన్నీ స్థలాన్నీ చేతికిస్తుంది. వేగంగా వచ్చే ప్రమాదాన్ని చూపాలంటే కట్లు, అంటే ఒక షాటు నుంచి మరో షాటుకు మారడాలు, పెంచాలి, కెమెరాను కుదిపేయాలి. 2002లో డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’లో రోగం సోకినవాళ్లు పరుగెత్తుకొస్తారు కాబట్టే అక్కడ షట్టర్ వేగం పెంచి, చిన్న డిజిటల్ కెమెరాలతో కదలికను ముక్కలు చేసి చూపించారు. అది వేరే వ్యాకరణం, దానికీ గొప్ప పట్టు కావాలి. రొమెరో పద్ధతిలో మాత్రం దూరం నుంచి చోటంతా కనిపించే వైడ్ షాట్ చాలు. పచ్చికలో పదిమంది నిలబడి ఉంటారు, కాసేపటికి పదిహేనుమంది అవుతారు. ఎవరూ పరుగెత్తరు, బార్బ్రా పారిపోయి తలదాచుకున్న ఇల్లు మాత్రం అంతకంతకూ చిన్నదైపోతుంది.

ఆ ఇంటిని ప్రేక్షకుడికి అప్పగించిన తీరు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకుంది. బార్బ్రా తర్వాత అక్కడికి ఆశ్రయం కోసం వచ్చిన బెన్ (పాత్రధారి డ్వేన్ జోన్స్) సుత్తి, మేకులు వెతికి, బల్ల విరగ్గొట్టి, తలుపులు ఊడదీసి ఒక్కో కిటికీకీ చెక్కలు బిగిస్తూ పోతాడు. కథ ముందుకు కదలని నిమిషాలివి అనిపిస్తుంది. కానీ అతని వెంట తిరుగుతూ మనం ఇంటి పటం నేర్చుకుంటున్నాం: ఏ తలుపు ఎటు, ఏ కిటికీ పెద్దది, ఏ చెక్క సన్నగా ఉంది. చివర్లో చేతులు లోపలికి చొచ్చుకొచ్చినప్పుడు అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పే షాటు అవసరం ఉండదు. పైగా సుత్తి దెబ్బల వెనక రేడియో మోగుతూ ఉంటుంది, లోకంలో ఏం జరుగుతోందో అప్పటికి మనకు తెలిసేది దాని వల్లనే. వివరణ కోసం ఎవరినీ నిలబెట్టి మాట్లాడించకుండా, చేతులు పనిలో ఉండగా చెవికి చేరవేయడం ఈ బృందం ప్రకటనల పనిలోనే ఒంటబట్టించుకుందని నా ఊహ.

లోపాలు లేవని అనను. ఇంట్లోకి చేరాక బార్బ్రా చాలాసేపు మాటాపలుకూ లేకుండా కూర్చుండిపోతుంది, అంతటి ఆరంభం ఇచ్చిన పాత్రను అలా వదిలేయడం నాకు మింగుడుపడదు. టీవీ వార్తల భాగం కాస్త సాగుతుంది. అయితే నేలమాళిగలో దాక్కోవాలా, పైనే ఉండి పోరాడాలా అని బెన్, భార్యాకూతుళ్లతో అదే ఇంట్లో దాక్కున్న హ్యారీ తగువులాడుకునే దృశ్యాలు మాత్రం సినిమాకు వెన్నెముక. బెన్ ధైర్యవంతుడు, హ్యారీ పిరికివాడు, మనం బెన్ పక్షమే. తీరా చూస్తే ఆ రాత్రి బెన్ ప్రాణం నిలబడేది హ్యారీ చెప్పిన ఆ నేలమాళిగలోనే. మంచివాడి మాటే నెగ్గాలన్న ప్రేక్షకుడి ఆశను ఇంత నిర్దయగా వాడుకున్న స్క్రీన్‌ప్లే అరుదు.

మేకప్ సంగతికి వస్తే, నెత్తురు పాత్ర పోషించింది చాక్లెట్ సిరప్. నలుపు-తెలుపులో దాని రంగుతో పనిలేదు, చిక్కదనమే చాలు. నేలమాళిగలో, చనిపోయి జాంబీగా లేచిన హ్యారీ కూతురు తాపీతో తల్లిని పొడిచే సన్నివేశాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడండి. ఎత్తిన చేయి, గోడ మీద చిమ్మిన మరకలు, ప్రతిధ్వనించేలా సాగదీసిన తల్లి కేక ఉంటాయి. తాపీ శరీరంలోకి దిగడం కనబడదు, చూశామని మనమే ప్రమాణం చేస్తాం.

ముగింపులో రొమెరో చేసిన పని ఎడిటింగ్ నేర్చుకునేవారు మరిమరి చూడాలి. తెల్లవారాక తుపాకులతో గాలిస్తూ వచ్చిన బృందం, కిటికీ దగ్గర కనిపించిన బెన్‌ను శవమనుకుని కాల్చేస్తుంది. ఆ వెంటనే సినిమా కదలడం మానేస్తుంది. పత్రికలో అచ్చయిన ఫొటోల్లా గరుకుగా ఉన్న నిశ్చల చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కొక్కేలు, వాటిని పట్టుకున్న చేతులు, బెన్ ముఖం, కట్టెల కుప్ప. ఆ రోజుల్లో డ్వేన్ జోన్స్ లాంటి నల్లజాతి నటుడు కథానాయకుడిగా కనిపించడమే అరుదు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొన్ని నెలలకే ప్రేక్షకులు ఈ చిత్రాలను తెర మీద చూశారు. ఇక్కడ కూడా ఆ సన్నివేశాన్ని మార్చి చూశాను. నిశ్చల చిత్రాలను తీసేసి తూటా పేలిన షాటు దగ్గరే సినిమాను ఆపేస్తే బెన్ మరణం ఒక కథానాయకుడి విషాదంగా ముగుస్తుంది. అవి ఉన్నప్పుడు అతను పేరు లేని శవాల్లో ఒకడైపోతాడు, అతన్ని ఈడ్చుకెళ్తున్నవాళ్లకు అతనెవరో ఎప్పటికీ తెలియదు. రాత్రంతా అతని పక్కనే ఉన్న మనకొక్కరికే తెలుసు.