బెల్లం లడ్డూకి 'షుగర్ ఫ్రీ' స్టిక్కరా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. ఈసారి మా పిన్ని దగ్గర్నుంచి. "హైదరాబాద్‌లో డైట్ ఫుడ్ షాపు పెట్టండి, లైసెన్సుల టెన్షన్ లేదు, నెలకి లక్ష మీదే" అని మొదలై అయిదు పాయింట్లు, చివర దండం బొమ్మలు.

"ఇంట్లో చేసి అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ అక్కర్లేదు." కావాలి. తిండి అమ్మకాలకు అనుమతిచ్చే కేంద్ర ఆహార భద్రత సంస్థ అది. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్స్, అంతే తేడా. బేగంబజార్‌లో బస్తా కొర్రలు కొని అరకిలో ప్యాకెట్లు కట్టినా సరే, వాటి మీద ఆ 14 అంకెల నంబరు ఉండాల్సిందే.

"షాపు పేరు ఇంగ్లీషులో ఉంటేనే నమ్ముతారు." సరే, పెట్టుకోండి.

"గోధుమ వేయకపోతే గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవచ్చు." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గ్లూటెన్ అంటే గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. మా వీధి పిండిమర దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. ముందువాళ్ల గోధుమలు అయిపోగానే మన జొన్నలు పోస్తాడు. తొట్టి అంచున, పిండి దిగే గుడ్డ గొట్టంలో అంటుకుని ఉన్నదేమిటనుకున్నారు? మర తుడవమంటే మనల్ని ఎగాదిగా చూస్తాడు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ గొట్టం దులిపితే రాలేది చాలు, లెక్క తప్పడానికి. సీలియాక్, అంటే గ్లూటెన్ పడని జబ్బు ఉన్న పిల్లాడికి ఆ కాస్త గోధుమతోనే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. వాళ్లమ్మ కొనేది మన స్టిక్కర్‌ని నమ్మి! ల్యాబ్ రిపోర్టు లేకపోతే ఉత్త "జొన్నపిండి" అని రాయండి. గోధుమలు పట్టే మరలోనే ఆడించామని కూడా రాయండి, సిగ్గేం లేదు.

"బెల్లం లడ్డూ షుగర్ ఫ్రీ." ఆహా! 100 గ్రాముల్లో చక్కెర అరగ్రాము దాటితే ఆ మాట వాడకూడదు. బెల్లం చెరకు రసంతో కాక చింతపండుతో వండుతారా? పైగా "షుగర్ వ్యాధి తగ్గుతుంది" అని పాంప్లెట్లు కొట్టించాలట. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టంలో జరిమానా 10 లక్షల దాకా ఉంది. నెలకి లక్ష చొప్పున పది నెలల సంపాదన.

"పెద్ద షాపు వద్దు, పది రకాలతో మొదలుపెట్టండి." ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. నేను కూకట్‌పల్లిలో రెండు షట్టర్లు తీసుకుని అరవై రకాలు నింపాను. వానాకాలం వచ్చేసరికి ఊదల్లో పురుగు. మూడు బస్తాలు పావురాలకు పోశాను.

ఆ ఒక్క లైను ఫార్వర్డ్ చేసుకో పిన్నీ.