తిరుగు ప్రయాణంలో తెడ్డు వేసేదెవరు?

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ప్లస్ ట్రెక్ అంటూ గ్రూపుల్లో తిరిగే ప్లాన్లు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. "పొద్దున్నే కయాక్‌లో అవతలి ఒడ్డుకి, అక్కణ్ణుంచి కొండెక్కి ఫొటోలు, సాయంత్రానికల్లా వెనక్కి." అంతే. కొండ ఎత్తు రాస్తారు, నడక దూరం రాస్తారు, నీళ్ళ మీద 5 కిలోమీటర్లు అని కూడా రాస్తారు. ఆ 5 కిలోమీటర్లు రెండుసార్లు దాటాలన్న సంగతే ఎవరికీ పట్టదు. రెండోసారి దాటేటప్పటికి తొడలు వణుకుతుంటాయి, తాగే నీళ్ళు సీసాల్లో అడుగంటి ఉంటాయి, పొద్దున అద్దంలా పడి ఉన్న నీళ్ళ మీద అలలు లేస్తుంటాయి.

మామూలు ట్రెక్‌లో అలిసిపోతే ఓ రాయి మీద కూలబడొచ్చు, మెల్లగా దిగొచ్చు, చీకటి పడితే టార్చ్ వేసుకోవచ్చు. రోడ్డు లేని కొండకి కయాక్‌లో వెళ్ళామంటే ఇంటికి దారి కూడా ఆ నీళ్ళే. అందుకే ప్లాన్ రాసేటప్పుడు పొద్దుగూకే టైమ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. అందరూ అలారం టైమ్ దగ్గర మొదలుపెట్టి ముందుకి వేస్తారు, ఆఖర్న ఎంత మిగిలితే అంతే అని.

వేసి చూద్దాం. నీళ్ళ మీద 5 కిలోమీటర్లు. నడక పోనూ రానూ 8 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 600 మీటర్లు. కొత్తవాళ్ళు కలిసిన గుంపు గాలి లేని నీళ్ళ మీద గంటకి 4 కిలోమీటర్లు పోతే గొప్పే, అంటే గంటంబావు. నడకకైతే స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మన కొండకి 2 గంటల 36 నిమిషాలు వస్తుంది. అది ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క. ఎనిమిది మంది గుంపు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేయండి, నాలుగు గంటలు. పైన తినడానికి అరగంట. ఇక ఎవరూ లెక్కలో వేయనిది సర్దుడు. ఎనిమిది బోట్లు దింపి, ఫుట్‌రెస్ట్‌లు సరిచేసుకుని, సామాను సర్ది నీళ్ళ మీదకి వెళ్ళేసరికి గంట ఇట్టే అయిపోతుంది. అవతల దిగి బోట్లు పైకి లాగి కట్టి బూట్లు మార్చుకోవడానికి అరగంట. వచ్చేటప్పుడు మళ్ళీ అరగంట.

6కి కలిస్తే 7కి నీళ్ళ మీద ఉంటారు, 8:15కి అవతలి ఒడ్డు, 8:45కి నడక, 1:15కి మళ్ళీ ఒడ్డుకి, 1:45కి తిరుగు ప్రయాణం. గాలి లేకపోతే 3కి వచ్చేస్తారు. ఎదురుగాలికి వేగం సగానికి పడిపోయినా 4:15కి వచ్చేస్తారు. ఇప్పుడు "సెలవే కదా, తాపీగా 9కి కలుద్దాం" అని అదే లెక్క వేయండి. తిరుగు ప్రయాణం 4:45కి మొదలవుతుంది, ఎదురుగాలైతే 7:15కి ముగుస్తుంది. చీకట్లో, లైట్లు లేని కయాక్‌ల మీద, ఎవరెక్కడున్నారో తెలియకుండా. పొద్దున మూడు గంటలు ఎక్కువ పడుకున్నందుకు కట్టే వడ్డీ ఇది.

మధ్యాహ్నం గాలి లేస్తే "మన టైమ్ బాలేదు" అంటారు. కాదండీ, చాలాచోట్ల ఆ గాలికి బస్సుకున్నట్టే టైమ్ ఉంటుంది. ఎండకి నేల నీళ్ళకంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంటే నీళ్ళ మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. కొండల మధ్య నీళ్ళైతే లోయ పొడవునా పైకి తోసుకుంటూ వీస్తుంది. తెల్లవారుజామున ఏమీ ఉండదు, మధ్యాహ్నం జోరు మీదుంటుంది, పొద్దుగూకే వేళకి మళ్ళీ సద్దుమణుగుతుంది. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే కాస్త పెరిగినట్టే అనిపించినా చేతులు చాలవు. పైగా గాలి అడ్డు లేకుండా ఎంత దూరం వీస్తే అలలు అంత పెరుగుతాయి. కొండ చాటున దిగినచోట నీళ్ళు నిశ్చలంగా కనిపిస్తాయి, ఓ కిలోమీటరు లోపలికి వెళ్ళాక గానీ అసలు సంగతి తెలియదు. అందుకే శిఖరం మీద సెల్ఫీ తీసుకునేముందు ఒక్కసారి కిందకి చూడండి. నీళ్ళ మీద అక్కడక్కడా తెల్లటి నురగ చుక్కలు కనిపిస్తే గాలి సుమారు గంటకి 12 నుంచి 19 కిలోమీటర్లు, కొత్తవాళ్ళకి అదే హద్దు. ఎటు చూసినా తెల్లగా ఉంటే 20 దాటిందని, ఆ గుంపు నీళ్ళలో దిగకూడదని.

ఇంత తెలిసీ శిఖరం దగ్గర బుద్ధి మందగిస్తుంది. "ఇంకో పావుగంటే కదా" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, వాడికే గొంతు పెద్దది. పై లెక్కలో 1:15కి ఒడ్డున ఉండాలి, దిగడానికి గంటన్నర వేసుకుంటే 11:45 అయ్యేసరికి ఎవరెక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. ఆ టైమ్ పొద్దున ఒడ్డున ఉన్నప్పుడే అందరి ముందూ చెప్పి ఒప్పించుకోవాలి. పైకెళ్ళాక చర్చ పెడితే ఓట్లన్నీ శిఖరానికే పడతాయి.

సామాను సంగతి. బరువైనవి కాక్‌పిట్‌కి (మనం కూర్చునే గుంటకి) దగ్గరగా, అడుగున పెట్టాలి. ముందు భాగంలో బరువెక్కువైతే ముక్కు నీళ్ళలో నాటుకుని తోక గాలికి కొట్టుకుపోతుంది, బోటు అదే పనిగా గాలివైపు తిరుగుతుంటుంది. దాన్ని సరిచేయడానికి ఒకే పక్క తెడ్డు వేసీ వేసీ భుజం పోతుంది. స్కెగ్ (బోటు వెనక అడుగున దింపే చిన్న రెక్క) ఉంటే దింపండి, దాదాపు సగం బాధ తీరుతుంది. డ్రై బ్యాగ్‌లో (నీళ్ళు దూరని సంచిలో) గాలంతా నొక్కేసి మూతి కనీసం మూడు మడతలు చుట్టాకే క్లిప్ పెట్టాలి. ఒక్క మడతతో క్లిప్ పెట్టి "వాటర్‌ప్రూఫ్ అన్నాడు, మోసం" అని ఏడిస్తే లాభం లేదు. ట్రెక్ బ్యాగ్ మొత్తాన్ని డెక్ (బోటు పైకప్పు) మీద కట్టుకొచ్చేవాళ్ళని చూస్తే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం గుర్తొస్తుంది. ఆ ఎత్తుకి గాలి తగిలి బోటు ఊగిపోతుంది.

బూట్లు రెండు జతలు. వాదన లేదు. నీళ్ళలో నానిన బూట్లతో 600 మీటర్లు ఎక్కితే మెత్తబడ్డ చర్మం రాసుకుని, దిగేసరికి మడమల మీద బొబ్బలు. పొడి సాక్సులు, ట్రెక్ బూట్లు డ్రై బ్యాగ్‌లో రావాలి, తడి చెప్పులు బోటు దగ్గరే ఉండాలి. కాళ్ళు తుడుచుకోకుండా, వేళ్ళ మధ్య ఇసుకతో సాక్సులు తొడిగితే మాత్రం రెండో జత తెచ్చినా ఒకటే.

బోటు కట్టడం చిన్న విషయం అనుకుంటారు. ఖాళీ కయాక్ 20, 25 కిలోలుంటుంది, వెడల్పాటి పక్కలు, అడుగు నున్నగా ఉంటుంది. ఒడ్డున వదిలేసి వెళ్తే గాలి దాన్ని దొర్లించుకుపోతుంది. సముద్రపు పాయ అయితే ఆటుపోటులుంటాయి, ఆరు గంటల్లో నీళ్ళు ఎక్కడికొస్తాయో చూసుకోవాలి. డ్యామ్ వెనక నీళ్ళైతే మట్టం ఎప్పుడు పెరుగుతుందో మన చేతిలో ఉండదు. ఒడ్డున ఎండిన పుల్లలు, నాచు ఒక గీతలా పేరుకుని ఉంటాయి కదా, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చిపోయాయో అదే చెబుతుంది. ఆ గీత దాటించి పైకి లాగండి. కాక్‌పిట్‌లోకి వాన పడకుండా బోర్లించండి. అన్నిటి ముందు హ్యాండిల్స్‌లోంచీ ఒకే తాడు దూర్చి చెట్టుకి కట్టండి. తెడ్లు బోటు కిందకి తోయండి. ఎనిమిది బోట్లుండి ఒక్క తెడ్డు ఎగిరిపోయినా ఒకరు ఇంటికి రాలేరు. అందుకే రెండు ముక్కలుగా విడదీసే స్పేర్ తెడ్డు కనీసం ఒకటి డెక్ మీద ఉండాలి.

బోల్తా పడితే సంగతి నీళ్ళలో పడ్డాక నేర్చుకునేది కాదు. పడ్డ మనిషి ఒక చేత్తో బోటుని, ఇంకో చేత్తో తెడ్డుని వదలకూడదు. సాయానికి వచ్చినవాడు తన బోటుని అడ్డంగా తెచ్చి, బోర్లాపడ్డ బోటు ముక్కుని తన డెక్ మీదకి లాగాలి. నీళ్ళు కాక్‌పిట్‌లోంచి కిందకి కారిపోతాయి. అప్పుడు తిప్పి నిలబెట్టి, రెండు బోట్లూ పక్కపక్కన ముక్కు ఒకటి అటూ ఒకటి ఇటూ ఉండేలా చేర్చి, పడ్డవాడి బోటు కాక్‌పిట్ అంచుని రెండు చేతులా పట్టుకుని బరువంతా దాని మీద వాలిపోవాలి. పడ్డవాడు కాళ్ళు గట్టిగా తన్నుతూ వెనక డెక్ మీదకి బోర్లా పాకి, కాళ్ళు లోపలికి పెట్టి, సాయం చేసేవాడి వైపు ముఖం ఉండేలా తిరిగి కూర్చోవాలి. మిగిలిన నీళ్ళు పంపుతో తోడాలి. స్ప్రే స్కర్ట్ (నీళ్ళు లోపలికి రాకుండా నడుము చుట్టూ కాక్‌పిట్‌ని మూసే గుడ్డ) తిరిగి పెట్టుకునేదాకా పట్టిన చెయ్యి వదలొద్దు. సాధన ఉంటే మూడు నిమిషాల పని, లేకపోతే గందరగోళం. అదీ సీటు వెనక బల్క్‌హెడ్ (నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే అడ్డుగోడ) ఉన్న బోట్లలోనే. అది లేని చవక బోటు నిండితే లోపల రెండొందల లీటర్లు చేరడం పెద్ద విషయం కాదు. అంటే రెండొందల కిలోలు, ఎవరెత్తుతారు? అలాంటి బోటే దొరికితే ముందూ వెనకా గాలి సంచులు కట్టండి. సిట్ ఆన్ టాప్ (లోపల కాకుండా పైన కూర్చునే) రకమైతే తిప్పి ఎక్కేయొచ్చు, నీళ్ళు రంధ్రాల్లోంచి వాటంతటవే పోతాయి. కాకపోతే ఎదురుగాలికి నత్తనడకే.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవులదాకా లేచిందంటే అది మీ సైజు కాదు, లేదా పట్టీలు బిగించలేదు. బట్టలు ఎండని బట్టి కాకుండా నీళ్ళ చల్లదనాన్ని బట్టి వేసుకోవాలి. బాగా చల్లటి నీళ్ళలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి అందదు, ఆ తర్వాత ఓ పది నిమిషాలే చేతులు చెప్పినట్టు వింటాయి. ఆ లోపే బోటులోకి రావాలి. జీన్స్ వేసుకొచ్చినవాడిని ఒడ్డునే ఆపేయండి, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఎనిమిది మందికి కనీసం ఇద్దరు బాగా తెలిసినవాళ్ళుండాలి, ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక. వెనకవాడి నడుముకి 15 మీటర్ల తేలే తాడు, లాగితే ఊడిపోయే బెల్టుతో. మాట వినపడేంత దూరంలోనే అందరూ ఉండాలి, కుదిరితే ఒడ్డు వెంబడే పోవాలి. బోట్లలో ఒకటైనా ఇద్దరు కూర్చునేది తీసుకెళ్ళండి. కొండ మీద ఎవరికైనా చీలమండ మడతపడితే కాలు ఫుట్‌రెస్ట్‌కి తన్నిపెట్టడం కుదరదు, తెడ్డు వేయలేరు. డబుల్ ఉంటే వాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి వెనక గట్టివాడు లాక్కొస్తాడు. అన్నీ సింగిల్సే తీసుకెళ్ళినవాళ్ళకి ఈ దారి ఉండదు.

గాలి తగ్గకపోతే అవతలి ఒడ్డునే ఆగిపోవాలి. దానికి సిద్ధంగా ఉండాలంటే మనిషికి ఒక హెడ్‌ల్యాంప్, ఒక పూటకి సరిపడా అదనపు తిండి, ఒంటి మీదికి పొడి వెచ్చటి బట్ట, గుంపుకో టార్పాలిన్. సిగ్నల్ ఉండదు కాబట్టి మీరున్నచోట అనుమతి ఉంటే శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) ఒకటి అద్దెకైనా తెచ్చుకోండి. బయల్దేరేముందు ఇంటిదగ్గర ఉండే ఒక్కరికి మెసేజ్ పెట్టాలి: ఎంతమంది, బోట్ల రంగులు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. అందులో రెండు టైమ్‌లు వేరువేరుగా రాయండి, ఒకటి మేం వస్తామనుకునే టైమ్, రెండోది అప్పటికీ కబురు లేకపోతే రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేయాల్సిన టైమ్.