షేడ్ కార్డు గారికి ఒక పెయింటర్ రాయునది

పెయింటు కంపెనీ రంగులన్నీ ముక్కలుగా చూపించే పుస్తకం, అయ్యా షేడ్ కార్డు గారూ,

తమరు క్షేమమేనని తెలుసు. ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి తమరి పేజీలు తిప్పుతుంటే క్షేమం కాక ఏమవుతారు? నేను అదే ఇంటి వరండాలో నిలబడున్నాను. కాళ్లకు లప్పం, అదే గోడ నున్నగా రావడానికి పెట్టే పుట్టీ, ఉంది, లోపలికి రావద్దన్నారు.

ఆ లప్పం సంగతి తమరి పేజీల్లో ఎక్కడా లేదు కాబట్టి చెబుతున్నా. ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో. పొద్దున్నే కారందోశ తిని పనిలో దిగితే మధ్యాహ్నం దాకా గోడ రుద్దుడే. రెండు పూతలు పెట్టిన లప్పం ఆరాక ఎమరీ కాగితంతో రుద్దుతుంటే ఆ తెల్లపొడి కనురెప్పల మీద, ముక్కులో, ఆఖరికి క్యారేజీ మూత సందుల్లో కూడా చేరుతుంది. గోడకు ఆనించి బల్బు పెట్టి, వెలుగు పక్కనుంచి పడేట్టు చూస్తే గానీ ఎగుడుదిగుళ్లు బయటపడవు. బయటపడినచోట మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు, ఆ పైన ప్రైమరు. ఇంత చేశాక చూడ్డానికి వచ్చినవాళ్లు గోడ నిమిరి నున్నగా వచ్చిందంటారా? "ఏం కలర్ అనుకుంటున్నారు?" అంటారు. పేరంతా తమరికే.

వెయ్యికి పైగా రంగులున్నాయి తమరి దగ్గర. ఎంచడానికి ఇంటాయన, ఇంటావిడ, వీడియో కాల్‌లో అమెరికా కొడుకు, ఆగ్నేయం గదికి నీలం వద్దని ఫోన్లోనే తేల్చేసిన వాస్తు ఆయన. ఇంతమంది ఇంత టెన్షన్ పడి చివరికి తేల్చింది హాఫ్‌వైటు. మంచిదే, నాకేం బాధ లేదు. తంటా అంతా గోడ మీద వేశాకే.

అగ్గిపెట్టంత ముక్క మీద లేతగా కనపడే రంగు పెద్ద గోడంతా పరుచుకుంటే చిక్కగా అనిపిస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒక తీరు, కిటికీ ఎండలో ఇంకో తీరు. తడి మీద ఒకటి, ఆరాక ఇంకొకటి. పైగా ఒక బకెట్టు ఈరోజు, ఇంకోటి వారం తర్వాత మెషీన్లో కలిపిస్తే రెండూ అచ్చంగా ఒకటే ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే అన్నీ ఒకేసారి తెప్పిస్తే ఒక డ్రమ్ములో పోసి కలుపుకుంటానన్నాను. "అయిపోయినప్పుడు తెచ్చుకుందాంలే" అన్నారు. అయిపోయింది, తెచ్చారు, గోడ మధ్యలో గీత గీసినట్టు తేడా వచ్చింది. ఇంటాయన తమరిని ఆ గోడకు ఆనించి పట్టుకుని నా వంక చూశాడు. తమరేమో నోరు మెదపలేదు!

మెదపక్కర్లేదు మరి. తమరి చివరి పేజీ అడుగున చీమతలంత అక్షరాలతో రాసుకున్నారుగా, అచ్చులో కనపడే రంగుకీ అసలు రంగుకీ తేడా ఉండొచ్చని. ఎంత తెలివి! ఆ ఒక్క వాక్యం నాకుంటే ఈపాటికి మేడ కట్టుకునేవాణ్ణి. నా పనిలో తేడా వస్తే కూలిలో కోత, తమరి పనిలో తేడా వచ్చినా కోత నా కూలిలోనే.

కార్తీకంలో వచ్చి మాట్లాడండి అసలు. మనకు పెద్ద వానలు పడేది అప్పుడే, సరిగ్గా జనాలకు సంక్రాంతికి ఇంటికి రంగులేయాలని గుర్తొచ్చేదీ అప్పుడే. గోడ చెమ్మగా ఉంది, నాలుగు రోజులు ఆగుదామంటే నేను సోమరిని. ఆగకుండా వేశాక పొక్కులు లేస్తే పనితనం రానివాణ్ణి. సముద్రపొడ్డున మైపాడు వైపైతే ఉప్పుగాలికి గ్రిల్లు తుప్పు పడుతుంది, తుప్పు ఆపడానికి ముందు వేసే రెడ్ ఆక్సైడు డబ్బు మిగుల్చుకున్న ఇంటాయన మాత్రం "నువ్వు నీళ్లు కలిపావా?" అని అడుగుతాడు. నూనె ఎనామిల్లో నీళ్లెవరు కలుపుతారండీ?

తమరితో గొడవ నాకొద్దు. రంగు బకెట్లో పెయింటర్ల కోసం కంపెనీ పెట్టే టోకెన్ పుణ్యాన తమరి ఇంటివాళ్ల ఉప్పు తింటున్నవాణ్ణే. రేపు హాల్లో మూడు శాంపిళ్లు వేసి చూపించమన్నారు. మూడూ తమరి ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నవే, ఏది ఏదో నాకే తెలియడం లేదు. వాటి కూలి ఎవరివ్వాలో ఆ చీమతల అక్షరాల కిందే ఇంకో వరస అచ్చేయించి పంపితే చాలు.

ఇట్లు,
వరండాలో నిలబడ్డ పెయింటరు