గంటన్నర క్యూ, గోరువెచ్చని సూప్

క్యూ ఎంత పొడవుంటే రామెన్ (జపాన్ నూడుల్స్ సూప్) అంత రుచిగా ఉన్నట్టు అన్న మీ వ్యాసంలోని మాట ఒప్పుకోలేను. ఆరేళ్లుగా టోక్యోలో ఉంటున్నాను. ఇక్కడి షింజుకు ప్రాంతంలో బాగా పేరున్న ఒక టోంకోట్సు (పంది ఎముకల సూప్) రామెన్ షాపుకి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మనసు కష్టపెట్టుకునే బయటికొచ్చాను.

మొదటిసారి జనవరి చలిలో గంటన్నర నిలబడి, టికెట్ మెషీన్లో 1,400 యెన్లు వేసి కూర్చుంటే గోరువెచ్చని సూప్ పెట్టారు. పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద తెర్లిస్తేనే కొవ్వు, కొల్లాజెన్ నీళ్లలో కలిసిపోయి సూప్ పాలలా తెల్లగా, చిక్కగా వస్తుంది. ఇదేమో పలుచగా ఉంది, పైన నూనె విడిగా తేలుతోంది.

రెండోసారి నూడుల్స్ కాస్త గట్టిగా ఉండాలని అడిగాను. హకాతా (ఫుకువోకా నగరంలోని ప్రాంతం) తరహా టోంకోట్సు రామెన్‌లో నూడుల్స్ సన్నగా ఉంటాయి, వేడి సూప్‌లో చూస్తుండగానే మెత్తబడతాయి. అందుకే అక్కడ కొద్దిగా వడ్డించి, అయిపోయాక 'కాయెదామా' (మరో విడత నూడుల్స్) అని అడిగితే మళ్లీ వేస్తారు. నాకొచ్చినవి అప్పటికే ముద్దయిపోయాయి. చెప్పినా మార్చలేదు.

మా వీధి చివర ఎనిమిది కుర్చీల కొట్టు ఉంది. అక్కడి పెద్దాయన 900 యెన్లకే పొగలు కక్కే రామెన్ పెడతాడు. సూప్ పోసే ముందు గిన్నెని కూడా వేడినీళ్లతో వెచ్చబెడతాడు. అక్కడ క్యూ ఉండదు.