ఆ పొట్టి గౌను అంతఃపురం నుంచి రాలేదు

బాలే నర్తకి కట్టే పొట్టి తెల్ల గౌను ఫ్రెంచి రాణుల ఉడుపు అనీ, నాలుగు వందల ఏళ్లుగా దాని తీరు మారలేదనీ, పాటలతో నడిచే నాటకమైన ఒపేరాలో కథ ఏ కాలానిదైతే ఆ కాలపు దుస్తులనే పాత్రలకు కుట్టించేవారనీ చెప్పే సందేశం ఒకటి కొంతకాలంగా విరివిగా తిరుగుతోంది. బాలే ఫ్రెంచి ఆస్థానంలో పెరిగిందన్న మేరకు అందులో నిజముంది. తక్కినది నిలబడదు.

మొదట రాణుల మాట చూద్దాం. పద్నాలుగో లూయీ 1653లో, పద్నాలుగేళ్ల వయసులో, ‘రాత్రి’ అనే ఆస్థాన బాలేలో ఉదయించే సూర్యుడి వేషం కట్టాడు. ఆ తరవాతి దశాబ్దాలలో నడుము నుంచి బిరుసుగా విచ్చుకునే పొట్టి పావడా వేదిక మీద స్థిరపడింది గాని, అది మగవారి ఆహార్యం. రోమన్ కవచం కింది అంచును అనుకరించిన ఆ పావడాను తొన్‌లే అనేవారు. పారిస్ ఒపేరా నాటకశాల వేదిక మీదికి వృత్తి నర్తకీమణులు 1681లో గాని రాలేదు, వచ్చినప్పుడు వారి గౌన్లు నేలను ఊడుస్తూనే ఉన్నాయి.

ఇక మారలేదన్న మాట. మారీ కమార్గో అనే నర్తకి తన వేగమైన గెంతులలో పాదాల పని కనబడాలని అంచును చీలమండల పైకి జరిపితే, ఆనాడు అదే పెద్ద వింత అయింది. 1832లో ‘లా సిల్ఫీద్’ అనే బాలేలో నర్తకి మారీ తల్యోనీ కట్టిన తెల్ల గౌను గంట ఆకారంలో మోకాళ్ల కిందికి దిగేది. మోకాలు పూర్తిగా బయటపడింది ఆ శతాబ్దం చివర, మునివేళ్ల మీద గిరగిర తిరిగే ఇటాలియన్ నర్తకుల కాలంలో. పైగా, ఆ గౌనుకు ప్రాణమైన పలుచని వల బట్టను నేసే యంత్రానికి జాన్ హీత్‌కోట్ పేటెంటు పొందింది 1809లో. అంతకు ముందు ఇలాంటి వలను ఎక్కువగా చేతితోనే అల్లేవారు కనుక, పొర మీద పొరగా వాడడం నాటకశాలలకు తలకు మించిన ఖర్చు.

ఆ పలుచదనానికి చెల్లించిన మూల్యం గురించి సందేశంలో ఒక్క ముక్క లేదు. గ్యాసు దీపాల రోజులలో ఈ గౌన్లు తరచూ అంటుకునేవి. పటిక వంటి లవణాల ద్రావణంలో ముంచితే బట్టకు మంట పట్టదని తెలిసినా, అది బిరుసెక్కి వన్నె తగ్గుతుందని ఎమ్మా లివ్రీ అనే నర్తకి ఒప్పుకోలేదు. 1862 నవంబరులో ఒక అభ్యాసంలో ఆమె పావడాకు దీపం తగిలింది. ఎనిమిది నెలలు బాధపడి, ఇరవయ్యేళ్ల వయసులో చనిపోయింది. కాలగా మిగిలిన ఆ పేలికలను పారిస్ ఒపేరా మ్యూజియంలో నేటికీ భద్రపరిచారు.

కాలానికి తగిన దుస్తులన్న మూడో మాట వినడానికి నమ్మదగినట్టే ఉంటుంది. కాని 1760లో ఫ్రెంచి నాట్యాచార్యుడు నొవేర్ తన లేఖలలో మండిపడింది సరిగ్గా ఇందుకే: పాత్ర ఏదైనా అదే ముసుగు, అదే తొన్‌లే, ఆడవారికి అవే వెడల్పాటి పంజరపు పావడాలు. అంతకు ముందే, 1734లో, మారీ సాలే అనే నర్తకి లండన్‌లో ఆ పంజరాన్ని విడిచి పలుచని మస్లిన్ చుట్టుకుని, జుట్టు విరబోసుకుని ఆడింది. పారిస్ మాత్రం ఆ దారి పట్టడానికి తొందరపడలేదు. స్వరకర్త వెర్డీ ఒపేరా ‘లా త్రావియాతా’ సంగతి మరీ విడ్డూరం. తన కాలపు పారిస్ కథను తన కాలపు దుస్తులలోనే చూపాలని ఆయన పట్టుబట్టినా, 1853లో వెనిస్ తొలి ప్రదర్శనలో పాత్రలకు 1700 నాటి ఉడుపులే తొడిగారు. కనుక నేడు ఆ కథానాయిక వయొలెత్తాకు వేసే, లోపలి చట్రంతో ఉబ్బే వెడల్పాటి క్రినొలిన్ గౌను వెర్డీ కోరికకు దగ్గరేమో గాని, తొలి రాత్రి ప్రేక్షకులు చూసిన దుస్తులకు కాదు.

ఇంతకీ ఆ సందేశంతో జతపడి తిరిగే ఫొటోలోని గౌనును దగ్గరగా చూడండి. పావడా పొరలు లోపలి చెడ్డీకే కుట్టి ఉన్నాయి; రవిక వెనక కొక్కేల వరసలు ఒకటికి రెండున్నాయి, ఒకే గౌను వేర్వేరు కొలతల నర్తకులకు సరిపడేందుకు. పొరలేమో నైలాన్ వల. 1930లలో పుట్టిన ఆ దారం ఏ ఫ్రెంచి రాణి ఒంటినీ తాకలేదు.